పడిన రౌతును చూసి ఏమంటున్నాం?

సూపర్‌మ్యాన్ సినిమాలు చూసినవారికి క్రిస్టఫర్ రీవ్‌ను పరిచయం చేయనక్కరలేదు. ఆకాశంలో ఎగిరే వీరుడిగా లోకమంతా ఎరిగిన ఆ నటుడు 1995 మే నెలలో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, కల్పెపర్ అనే ఊళ్లో జరిగిన గుర్రపుస్వారీ పోటీలో పాల్గొన్నాడు. మూడో అడ్డంకి దగ్గర గుర్రం దూకబోయి ఉన్నట్టుండి ఆగిపోయింది. రౌతు ఆగలేకపోయాడు. గుర్రం తల మీదుగా వెళ్లి నేలమీద పడ్డాడు. మెడలోని పై రెండు ఎముకలు విరిగాయి. అప్పుడాయన వయసు 42. మెడ కింది భాగమంతా చచ్చుబడింది. ఊపిరి కూడా యంత్రం సాయంతోనే పీల్చుకోవలసి వచ్చింది. 2004 అక్టోబరులో కన్నుమూసేదాకా చక్రాల కుర్చీయే ఆయన లోకం.

ఆ ప్రమాదం తర్వాత పుట్టిన జోకులకు లెక్కలేదు. ఎగిరేవాడికి గుర్రం మీద కూర్చోవడం చేతకాలేదంటూ నవ్వుకున్నారు. మంచం మీద కదలలేని మనిషి, పక్కన భార్య, మూడేళ్లు కూడా నిండని కొడుకు. ఈ దృశ్యం ఆ నవ్వులకు అడ్డం రాలేదు.

ఈ ఆట మనకు దూరమైనదే. గుర్రమంటే మనకు మలక్‌పేట రేసులు, పెళ్లి ఊరేగింపులు గుర్తొస్తాయి. కానీ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశపు రౌతు ఫవాద్ మీర్జా ఈ పోటీలో 23వ స్థానంలో నిలిచినప్పుడు చాలామంది మొదటిసారి టీవీలో దీన్ని ఆసక్తిగా చూశారు. ఈవెంటింగ్ అంటారు దీన్ని. ఒకనాటి సైనికాధికారుల పరీక్షలో నుంచి పుట్టిన ఆట. ఇందులో మూడు భాగాలుంటాయి. గుర్రం క్రమశిక్షణను చూపేది ఒకటి, మైదానంలో కర్రల మీదుగా దూకేది ఇంకొకటి. ఈ రెంటి నడుమ ప్రాణాంతకమైనది క్రాస్ కంట్రీ. పొలాల్లో, గుట్టల్లో, నీటి మడుగుల్లో నిమిషానికి 570 మీటర్ల దాకా వేగంతో పరుగెత్తుతూ పెద్దపెద్ద మొద్దుల మీదుగా దూకాలి. మైదానంలో గుర్రం కాలు తగిలితే కర్ర కింద పడుతుంది, అంతే. ఇక్కడి మొద్దు కదలదు. ముందు కాళ్లు దానికి తగిలితే గుర్రమే పల్టీ కొడుతుంది. అరటన్ను బరువున్న ఆ జంతువు రౌతు మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంత ప్రమాదమున్న చోట నోళ్లు ఎలా పనిచేస్తున్నాయో చూడండి. ఇంగ్లండులోని బాడ్మింటన్‌లో 1949 నుంచి ఈ పోటీలు పేరుపొందాయి. అక్కడి చెరువు దగ్గర ఏటా జనం కిక్కిరిసి నిలబడతారు. అందరూ చక్కని దూకుడు చూద్దామని వచ్చినవారే కాదు, ఎవరైనా నీళ్లలో పడితే చూద్దామని వచ్చినవారూ ఉంటారు. రౌతు తడిసి ముద్దయి లేచి నవ్వితే చూసేవారూ నవ్వవచ్చు, అందులో తప్పులేదు. అయితే ఆ మనిషి లేస్తాడో లేడో తెలియకముందే ‘అద్భుతమైన పల్టీ’ అనే వ్యాఖ్యాతను, ఆ పతనాన్నే నెమ్మదిగా నాలుగుసార్లు తిప్పి చూపించే తెరను ఏమనాలి? రౌతు తల్లి కూడా అదే తెర ముందు కూర్చుని ఉండవచ్చు.

కొత్త నిబంధన మూలభాషయైన గ్రీకులో ‘ప్టోమా’ అనే మాట ఉంది. పడిపోవడం అనే క్రియ నుంచి వచ్చిన మాట అది. శిష్యులు మోసుకెళ్లి సమాధి చేసిన బాప్తిస్మమిచ్చు యోహాను శవానికి మార్కు వాడిన మాట అదే (మార్కు 6:29). పడిపోవడానికీ శవానికీ మధ్య ఆ భాష పెట్టిన దూరం అంతే.

కొందరు నవ్వరు, తీర్పు తీరుస్తారు. గుర్రాన్ని తప్పుగా నడిపించాడు, వేగం ఎక్కువైంది, ఆ స్థాయికి తగిన రౌతు కాదు అని దుమ్ము అణగకముందే తేల్చేస్తారు. నిపుణులు తర్వాత విచారించి కారణం చెప్పడం అవసరమే. రౌతు స్పృహలోకి రాకముందు చెప్పే కారణం మాత్రం విచారణ అనిపించుకోదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు మెదపకుండా ఆయనతో కూర్చున్నారు (యోబు 2:13). వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక చెప్పిందంతా తీర్పే. అందులోని వాదనలు కొన్ని వినడానికి బాగానే ఉంటాయి, మా వేదాంత కళాశాలలో వాటి మీద గంటలకొద్దీ చర్చలు నడిచేవి. చివరకు దేవుడు మాత్రం వారి మాటలను ఒప్పుకోలేదు.

గుర్రం చనిపోయినప్పుడు ఈ తీర్పు మరీ కరకుగా ఉంటుంది. టోక్యోలోనే స్విట్జర్లాండ్ రౌతు ఎక్కిన జెట్ సెట్ అనే గుర్రం క్రాస్ కంట్రీలో గాయపడితే, బాధ పడకుండా దాన్ని చంపవలసి వచ్చింది. పశువు ప్రాణాన్ని లెక్కచేయడం నీతిమంతుడి లక్షణమని సామెతల గ్రంథం చెబుతోంది కనుక (12:10) గుర్రం కోసం బాధపడినవారిని నేను తప్పుపట్టను, ఈ ఆట అవసరమా అని అడిగేవారినీ తప్పుపట్టను. ఆ ప్రశ్న గట్టిగా అడగదగినదే. అయితే తన గుర్రాన్ని పోగొట్టుకున్న మనిషి మొహం మీద ఆ గంటలోనే హంతకుడనే మాట విసరడం జంతుప్రేమ కిందికి రాదు.

పొగడ్త కూడా ఒక్కోసారి కఠినమైనదే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జర్మనీ రౌతు వాన్ వాంగెన్‌హైమ్ క్రాస్ కంట్రీలో పడి మెడ పక్కనుండే జత్రు ఎముక విరిగినా మళ్లీ గుర్రమెక్కాడు. మర్నాడు మైదానంలో గుర్రంతో సహా మళ్లీ పడ్డాడు, మళ్లీ లేచాడు. జట్టుకు బంగారు పతకం దక్కింది. 1960లో రోమ్‌లో ఆస్ట్రేలియాకు చెందిన బిల్ రాయ్‌క్రాఫ్ట్ ఆస్పత్రి మంచం దిగివచ్చి స్వారీ చేశాడు. వారి ధైర్యానికి నమస్కారం. కానీ ఆ కథలు చెప్పి, పడి లేవలేని ఇప్పటి రౌతును పిరికివాడన్నట్టు మాట్లాడే అలవాటు చెడ్డది. తలకు దెబ్బ తగిలిన మనిషి తాను బాగానే ఉన్నానంటాడు. ఆ మాట అనేది దెబ్బతిన్న మెదడే. అందుకే ఇప్పుడు అంతర్జాతీయ పోటీల్లో క్రాస్ కంట్రీలో పడిన రౌతు పోటీ నుంచి తప్పుకోవాల్సిందే, వైద్యుడికి చూపించుకోవాల్సిందే. నియమం మారింది గానీ పాత కథలు చెప్పేవారి నోరు ఇంకా మారలేదు.

ఇక నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది కలిగించేవి, మన విశ్వాసుల నోట ఎక్కువగా వినిపించేవి వేరే మాటలున్నాయి. ‘తెలిసే ఎక్కాడు’, ‘ఇష్టమైన పని చేస్తూ పోయాడు’, ‘దేవుని చిత్తం’. సమాధి దగ్గర భార్యో తండ్రో కన్నీళ్లతో ఈ మాట అనుకుంటే అది వారి ఓదార్పు, అందులో తలదూర్చే హక్కు మనకు లేదు. ఏమీ పోగొట్టుకోనివాడు అంటే మాత్రం అది చేతులు కడుక్కోవడమే.

1999లో ఒక్క బ్రిటన్‌లోనే ఐదుగురు రౌతులు ఈ పోటీల్లో చనిపోయారు. ప్రమాదకరమైన ఆట గనుక ఇలాగే ఉంటుందని అందరూ సరిపెట్టుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేది. లార్డ్ హార్టింగ్టన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. 2000లో నివేదిక వచ్చింది. గుర్రం పడిపోకుండా చేయడానికి సాధ్యమైనదంతా చేయాలన్నది దాని సారాంశం. ఆ తర్వాత ఇంజనీర్లు కూర్చుని ఒక పిన్నును తయారుచేశారు. మొద్దును ఆ పిన్నుల మీద ఆనిస్తారు. గుర్రం గట్టిగా తగిలితే పిన్ను విరిగి మొద్దు కిందికి జారుతుంది, గుర్రం పల్టీ కొట్టే అవకాశం తగ్గుతుంది. ప్రమాదాలు పూర్తిగా ఆగిపోలేదు. కానీ ఐదు చావులను విధి ఖాతాలో రాసేసి ఉంటే ఆ పిన్ను పుట్టేదా?

ధర్మశాస్త్రంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ప్రసంగాల్లో దాన్ని ముట్టుకునేవారు తక్కువ. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడినుంచి పడినవాడి రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది (ద్వితీయోపదేశకాండము 22:8). పడినవాడు చూసుకుని నడవాల్సిందని అక్కడ లేదు. పడినవాడి గురించి ఒక్క మాటా లేదు, మాటంతా కట్టినవాడితోనే. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా వారు ఇతరులకంటే పాపులని అనుకుంటున్నారా అని అడిగి, యేసుప్రభువు ఆ ఆలోచనను తోసిపుచ్చాడు. చూపును చచ్చినవారి మీది నుంచి విన్నవారి మీదికే తిప్పాడు (లూకా 13:4, 5).

నాలుక గురించి రాస్తూ యాకోబు మొదట ఎత్తుకున్న ఉపమానం గుర్రం నోటి కళ్లెమే (యాకోబు 3:3). అంత పెద్ద గుర్రాన్ని తిప్పగలిగేది నోట్లోని ఆ చిన్న ఇనుపముక్క. రౌతును విమర్శించే ముందు ఆ వచనం ఒకసారి చదువుకుంటే బాగుండును.

పరాయివారినే అనడమెందుకు? మన పల్పిట్ల సంగతి చూద్దాం. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రమత్తులో మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు (అపొ. కార్యములు 20:9). ప్రసంగంలో కునికేవారిని చూసి బోధకులు ఐతుకు పేరెత్తి నవ్వించడం మన సంఘాల్లో తరతరాలుగా ఉన్నదే. పడి చనిపోయిన కుర్రవాడతడు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగాడు. వాడిమీద పడి కౌగిలించుకున్నాడు, ప్రాణముందని చుట్టూ ఉన్నవారికి ధైర్యం చెప్పాడు. తర్వాత పైకెళ్లి రొట్టె విరిచి, తెల్లవారేదాకా మాట్లాడాడు. ఆ చిన్నవాణ్ని బతికుండగా తీసుకొచ్చారు. వాడెందుకు నిద్రపోయాడని ఎవరైనా అడిగినట్టు లూకా రాయలేదు.