క్రొత్త బీరు, ప్రాత పటము

అమెరికాదేశమున చిన్నచిన్న బీరు కర్మాగారములు ప్రకటనలకై తీయించుచున్న ఛాయాచిత్రములను పరికించినవారికి ఒక వింత గోచరింపక మానదు. పటములో పాత మోటారుబండి, వెడల్పు కాలరుల చొక్కాలు, సాయంకాలపు టెండ, సరస్సు గట్టున నవ్వుచున్న స్నేహితులు. ఎవరి చేతిలోనో యొక సీసా. అదియు ప్రధానముగా గనబడదు. రంగులు వెలిసి యెఱ్ఱబాఱి యున్నవి. తండ్రులనాటి యాల్బమునుండి తీసిన పటమని చూపరులు భ్రమింతురు. కాని యది నిన్న మొన్న తీసినది.

ఆ యెఱ్ఱదనమునకును కథ గలదు. 1970 ప్రాంతపు రంగుల పటములలో నీలివన్నెకు నిలుకడ తక్కువ. చీకటి పెట్టెలో దాచినను అది ముందుగా క్షీణించి యెఱుపు మిగులుచుండెను. నాడు గృహస్థులను దుఃఖపెట్టిన యా లోపమునే నేడు గణకయంత్రమున మీట నొక్కి పులుముచున్నారు.

వేషమును మేము తప్పుపట్టము. ప్రకటనయు నొక నాటకమే. మా యాక్షేపణ వేఱు. ఏ దశాబ్దపు టుడుపులను ఈ కర్మాగారములు ధరించుచున్నవో ఆ దశాబ్దమే చిన్న కర్మాగారములకు గడ్డుకాలము. 1920 నుండి 1933 వఱకు సాగిన మద్యనిషేధమును దాటి బ్రతికినవానిలో పెక్కింటిని పెద్ద సంస్థలు కొనివేసెను. మఱికొన్ని పోటీకి నిలువలేక మూతపడెను. 1970 దశకాంతమునకు దేశమంతటను నూఱింటికి లోపుగానే బీరు సంస్థలు మిగిలెను. 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో జాక్ మెకాలిఫ్ అను మాజీ నావికుడు, ఇద్దఱు వనితల భాగస్వామ్యముతో, పాలకేంద్రములు పాఱవేసిన తొట్లను కూర్చుకొని న్యూ ఆల్బియన్ కర్మాగారమును నెలకొల్పెను. పెట్టుబడి చాలక 1982లో అది మూతపడెను. ఆ కాలపు నిజమైన పటము అది. దానిని ప్రకటనలలో చూపువారు అరుదు.

ఒక మినహాయింపు చెప్పుట న్యాయము. రోడ్ ఐలండు రాష్ట్రమున 1890లో పుట్టిన నారగాన్సెట్ బీరు డబ్బాను, 1975నాటి ‘జాస్’ చలనచిత్రములో సొఱచేపల వేటగాడు చేతితో నలిపివేయును. 1980 దశకారంభమున ఆ కర్మాగారము మూతపడగా, 2005లో క్రొత్తవారు పేరును కొని, 2012లో ఆ 1975నాటి డబ్బానే మరల విడిచిరి. డబ్బా వారిదే, సంవత్సరమును దాచలేదు. ఇందులో మోసమేమున్నది?

మన దేశమున 1994నాటి కేబుల్ టెలివిజన్ నియమములు మద్యప్రకటనను ప్రత్యక్షముగగాని పరోక్షముగగాని నిషేధించినవి. ఐనను సోడానీళ్ల పేరను, పాటల పళ్లెముల పేరను మద్యపు నామధేయములు ఇల్లిల్లును చొచ్చినవి. సీసాను వెనుకకు నెట్టి జీవితమును ముందుంచు ఈ చిత్రవిద్య ఆ దొడ్డిదారికి మిక్కిలి యనుకూలము. హైదరాబాదునను నేడు చిన్న బీరు కర్మాగారములు గలవు. ఆ నగరపు యువకునకు సరస్సు గట్టు బీరు వంశస్మృతి కాదు. అతని తాత త్రాగియుండిన, త్రాగినది కల్లు. తనది కాని గతముపై బెంగ పుట్టించి, దానికి మందుగా సీసా నమ్ముట వ్యాపారమా, వంచనయా?

ప్రాతదివలె దోపించు ప్రతి ప్రకటన క్రిందను, ఆ పటము తీసిన సంవత్సరమును, బీరు తయారైన యూరి పేరును చదువదగిన యక్షరములలో అచ్చువేయవలెనని మేము కోరుచున్నాము.