పటము క్రింది పేరులు

చీనాదేశపు తున్‌హువాంగు బౌద్ధచిత్రములను మెచ్చు రసికులు కొందఱు వానిపై దాతలు వ్రాయించిన వ్రాతలను పుణ్యము కొనువారి చీటులని పరిహసింతురు. మే మీ మాట నంగీకరింపము. 1900లో బయల్పడిన గుహయందలి పట్టుపటములలో దాతలు తమ మృతులకే కాక సర్వప్రాణులకును మేలు గోరిరి. ధనమిచ్చి వ్రాయించిరందురా? అగుఁగాక! తన దుఃఖమునఁ బరుల క్షేమము మఱవనిది వ్యాపార మెట్లగును? 910 నాఁటి అవలోకితేశ్వరపటమున బోధిసత్త్వుని ప్రక్కనే యొక భిక్షుణి తన పేరుతో నిలిచియున్నది. రాజుల చరిత్రములలో నిట్టివారికిఁ జోటెక్కడిది? ఆ పేరు తుడిచిన రంగులు మిగులును, మనుష్యులు పోవుదురు. ఢిల్లీ జాతీయ సంగ్రహాలయమున నీ గుహపటములు కొన్ని యున్నవి. చదువరులారా! చూడఁబోయినచో దేవుని మొగముతోనే తృప్తిపడకుఁడు. క్రింద మోఁకరిల్లిన వారి పేరులను గూడ నడుగుఁడు.