ఆరాధనలో ఏది నిజము?



"మా పెంతెకొస్తు సంఘములో కీబోర్డు, ప్యాడ్స్, పెద్ద సౌండ్ బాక్సులు వచ్చినవి. చప్పట్లు, నాట్యము, భాషలు అన్నీ ఉన్నవి. ఇది నిజమైన ఆరాధనయేనా?" అని ఒక సహోదరి అడిగినారు.

వాయిద్యములను నేను తప్పుపట్టను. దావీదు కూడ నాట్యమాడెను గదా! భాషలను పౌలు ఆటంకపరచలేదు, సంఘమునకు క్షేమాభివృద్ధి కలుగవలెనని మాత్రము అడిగెను (1 కొరింథీ 14). అయితే మొదటి దినములు ఎట్లుండెనో చూడుడి. 1906లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, అజూసా వీధిలోని పాత కట్టడములో కూటములు ఆరంభమైనప్పుడు వాయిద్యములు లేవు, పాటల పుస్తకములు లేవు. చెక్కపెట్టెలే ప్రసంగపీఠము. కాపరి విలియం సేమూర్ బానిసత్వమునుండి విడుదలైనవారి కుమారుడు. ఆయన ఆ పెట్టెలో తల పెట్టి ప్రార్థించెడివాడట! నల్లవారు, తెల్లవారు అక్కడ ప్రక్కప్రక్కనే మోకరించిరి. ఆ కాలమున ఆ దేశములో అది సామాన్యమైన సంగతి కాదు. అంతకు ముందు సంవత్సరము, 1905లో, మన దేశములోనే పూనా దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయిగారి ముక్తి మిషనులో ఉజ్జీవము వచ్చినప్పుడు అనాథ బాలికలు, విధవరాండ్రు ఏడ్చుచు తమ పాపములు ఒప్పుకొనిరి.

ఇక నా సంగతి చెప్పవలెను. మా సంఘములో ఆరాధన నడిపించు పెద్ద ఒకరుండిరి. మంచి గొంతు. ఆయన చేయెత్తితే సంఘమంతయు లేచి నిలిచెడిది. ఒక ఆదివారము కూటమైన తరువాత వెనుక చాపమీద కూర్చుండు ఒక తల్లి నాయొద్దకు వచ్చినది.

"అయ్యగారూ, పెద్దయ్యగారి చేలో నాట్లేసి మూడు వారాలైంది. నలుగురికి కూలి రాలేదు. ఆయన హల్లెలూయ అంటే నాకు కూలే గుర్తొస్తా ఉంది. నోరు రావట్లేదు."

నాకు ఆ సంగతి ముందే తెలియును. తెలిసియు ప్రతి ఆదివారము ఆయన చేతికి మైకు ఇచ్చితిని. కానుకల పెట్టెలో ఆయన వేయు నోటు నా కన్నులకు కనబడెను, ఈ తల్లి నోరు మూతపడుట కనబడలేదు. బలిపీఠము నొద్ద అర్పణము విడిచిపెట్టి మొదట సహోదరునితో సమాధానపడవలెనని (మత్తయి 5) నేనెన్నిసార్లు ప్రసంగించితినో!

ఆ సాయంకాలమే పెద్దగారి ఇంటికి పోయి ముందు నా తప్పు ఒప్పుకొని, తరువాత ఆయనది చెప్పితిని. కోపపడిరి. బుధవారము నాలుగిండ్లకు తామే పోయి కూలి ఇచ్చి వచ్చిరి.

మరుసటి ఆదివారము ఆయన మైకు పట్టలేదు. ఆ తల్లియే కూర్చున్న చోటనుండి పాట ఎత్తినది. కీబోర్డు కుర్రవాడు ఆ శ్రుతి అందుకొనలేక చేతులు తీసివేసినాడు.