రెండో తూటా ఎక్కకపోతే
ఎన్నికల ముందు అప్పగించగా, అవి అయ్యాక పోలీసు స్టేషన్ నుంచి ఇంటికొచ్చిన పాత సెమీ ఆటోమేటిక్ తుపాకీలో రెండో తూటా ఎక్కడం లేదని తాడేపల్లిగూడెంలో మా పెదనాన్న ఆకురాయి తీశారు. చెయ్యి పట్టుకుని ఆపాను. అది జాన్ బ్రౌనింగ్ 1900లో పేటెంటు పొందిన పద్ధతి: పేలిన అదురుకి బ్యారెల్, బోల్టు కలిసి వెనక్కి వస్తాయి, బ్యారెల్ ముందుగా తిరిగి వెళ్తుంది, ఆ సందులో ఖాళీ తూటా బయటపడి కొత్తది లేస్తుంది. మ్యాగజైన్ గొట్టం మీది రాపిడి రింగు బరువు తూటాల అమరికలో ఉండిపోయి తేలిక తూటా వేస్తే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు. ఎండిన గ్రీజు, సడలిన స్ప్రింగు సరేసరి. మన కొల్లేటి ప్రాంతంలో మాత్రం నేను మొదట అనుమానించేది తేమనే. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ఆయన పాత కాగితపు తూటాను వేళ్ల మధ్య దొర్లించాను. ఇత్తడి అంచుకు పైన ఉబ్బు చేతికి తగిలింది. అలాంటిది గొట్టంలో బిగుసుకోక ఏం చేస్తుంది? ముందు తూటాలు మార్చాలి, తర్వాత శుభ్రం చేయాలి, ఆపైన స్ప్రింగు చూడాలి. అరగదీసిన ఉక్కు తిరిగి రాదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, పక్షుల మీద పేల్చే కాలం పోయింది, పోవాల్సిందే. అయినా ఆ యంత్రాన్ని పాడుచేసే హక్కు మనకు లేదు. పెదనాన్న ఆకురాయి పెట్టెలో పెట్టేసి, లైసెన్సున్న మరమ్మతుదారు కోసం ఏలూరు బయల్దేరారు.