కొత్త పంతులు చదువు

2025వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన గావించెను. ఆ యేటనే పరీక్షలును నియామకములును జరిగినవి. ఏండ్ల తరబడి ఎదురుచూచిన యువతీయువకులు నేడు బడులలో పాఠములు చెప్పుచున్నారు. వారి యిండ్ల సంతోషములో మేమును పాలుపంచుకొనుచున్నాము. కాని ఉత్తర్వు చేతికందినంతనే కోచింగు పుస్తకములను పాతకాగితములవానికి తూచివేయువారు కలరు. ఆ పుస్తకములు పోయినందుకు మాకు విచారము లేదు. వానితోపాటు చదువే పోవునేమో యని మా భయము.

శిక్షణ కళాశాలలలో కాబోవు ఉపాధ్యాయులచేత తమ విద్యాతత్త్వమును గూర్చి వ్యాసములు వ్రాయించుచుందురు. ఉపాధ్యాయుడు జీవితాంతము విద్యార్థియై యుండవలెనను వాక్యము వానియందు తప్పకుండును. వాక్యము మంచిదే. అది ఆచరణలో నెట్లుండునో చూడగోరువారికి మన ఉత్తరాంధ్రముననే గిడుగు రామమూర్తి పంతులుగారి చరిత్ర యున్నది.

1863లో జన్మించిన యీయన 1880లో, ఇంకను మీసములు సరిగా రాని వయస్సున, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పు పంతులుగా చేరెను. అప్పటికి మెట్రిక్యులేషను మాత్రమే ముగిసినది. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి పట్టపరీక్ష నిచ్చెను. చరిత్ర చెప్పువాడు చరిత్ర ఆధారములను తానే చూడవలెనని తలచి, ప్రాచీనలిపులు నేర్చి ముఖలింగమునందలి శాసనములను చదివెను. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలుండిరి. వారి భాష అధికారులకు రాదు, బడిలో దానికి చోటు లేదు. వారే తెలుగు నేర్చి వత్తురుగాక యని పంతులుగారు ఊరకుండలేదు. తానే సవర నేర్చెను. ఆ భాషలో పాఠ్యపుస్తకములు వ్రాసెను, సొంతసొమ్ముతో బడులు నడిపెను. 1911లో ఉద్యోగవిరమణ జరిగినను చదువు విరమింపలేదు. సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడెను. సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయిన 1938వ సంవత్సరమున ఆయనకు డెబ్బదియైదేండ్లు.

తెలుగు చదువునకు దీనివలన గలిగిన లాభము సామాన్యము కాదు. 1906–07 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారియైన ఏట్సు దొరకు, జనుల మాట యొకటి, పుస్తకముల భాష యొకటి యేల యను సందేహము గలిగెను. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులు శ్రీనివాస అయ్యంగారును, విజయనగరమున గురజాడవారును ఆ విచారణలో కలిసిరి. సందేహము దొరది, సమాధానమును జీవితకార్యముగా పైనవేసుకొన్నది గిడుగువారు. సవరకు గ్రంథము లేదు, నోట విన్నదే ప్రమాణము. అట్లు వినుట కలవడిన చెవియే తెలుగు పిల్లల మాటను గూడ గౌరవముతో వినగలిగెనని మా యూహ. (ఆయన వాదమును ఈ పుటలయందు మేము పాటించుటలేదని పాఠకులు నవ్వవచ్చును. నవ్వనిండు.)

నేటి విశాఖ సంగతి చూతము. 1933లో రేవు తెరువబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. పని వెదకికొని నానాప్రాంతములవారు వచ్చిరి, వచ్చుచున్నారు. ఇంట ఒడియాయో హిందీయో మాటలాడు బిడ్డ తెలుగు బడిలో కూర్చుండును. పాడేరు, అరకు కొండలెక్కినచో కువి మాటలాడు బిడ్డలున్నారు. ఆ బిడ్డ నోరు మెదపక కూర్చున్నప్పుడు కొత్త పంతులు దానిని మాంద్యమని పుస్తకములో వ్రాసికొనునా, లేక ఆ బిడ్డ భాషలో నాలుగు మాటలైన నేర్చుకొనునా? అతడు వ్రాసిన విద్యాతత్త్వమునకు అసలు పరీక్ష యదియే. కొన్ని కుటుంబములలో ఒక బిడ్డ బడిలో నిలుచుటయు మానుటయు దానిపై నాధారపడియున్నవి.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయుని సొంత అభివృద్ధికై ఏటేటా ఏబది గంటలు నిర్ణయించినది. మంచిదే. కాని గంటలు లెక్కించుట వేరు, చదువుకొను వీలు వేరు. మరుగుదొడ్ల ఛాయాచిత్రములు తీసి ఫోనులో పంపుటయు పంతుళ్ల విధులలో చేర్చిన సంవత్సరములను మనము చూచితిమి. అట్టి పనులకు ప్రొద్దంతయు వెచ్చించినవాడు సాయంకాలము ఏ గ్రంథము తెరచును?

తప్పు ప్రభుత్వముపై మాత్రమే మోపలేము. పట్టణవాసులు బడిని ర్యాంకులతో కొలుచుచున్నారు. పంతులు ఈ యేడు ఏమి క్రొత్తగా నేర్చెనని అడిగిన తండ్రి యెవడు? గ్రామములందలి భూస్వాములును బడికి గేటు కట్టించి దానిపై పేరు చెక్కించుకొనుటతో తృప్తిపడుచున్నారు. దానికన్న ఒక బీరువా పుస్తకములిచ్చిన మేలు. ఊరిలో కాపురముండ నిల్లు దొరకక దినదినము బస్సులో వచ్చిపోవు పంతులమ్మ ఊరి మాట యెప్పుడు నేర్చును? ఆమెకు సరసమైన అద్దెకు రెండు గదుల యిల్లిచ్చి, సంతనాడు తమ యింటి ఆడువారిని తోడు పంపగలవారు ఏ యూర నున్నను, ఆ పని ఈ వేసవి ముగియుటకు ముందే చేయవలయును.