నంబర్‌ వన్‌ అనే గుదిబండ

2022 సెప్టెంబర్‌. గుజరాత్‌లో జాతీయ క్రీడల లాంఛన ప్రారంభానికి ఇంకా వారానికి పైగా గడువుంది. సూరత్‌లోని పండిత్‌ దీనదయాళ్‌ ఉపాధ్యాయ ఇండోర్‌ స్టేడియంలో మాత్రం టేబుల్‌ టెన్నిస్‌ పోటీలు ముందే మొదలైపోయాయి. ఆతిథ్య రాష్ట్ర పురుషుల జట్టులో హర్మీత్‌ దేశాయ్‌, మానవ్‌ ఠక్కర్‌ సూరత్‌ ఆటగాళ్లే. మూడోవాడు మానుష్‌ షాది వడోదర. ముగ్గురూ దేశంలో పేరున్న వాళ్లే. ఇలాంటి జట్టుకు రజతం వచ్చినా ఓటమి కిందే లెక్క. గుజరాత్‌ ఫైనల్లో ఢిల్లీని ఓడించి స్వర్ణం గెలిచింది. అనుకున్నదే జరిగింది కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఫేవరెట్ల కష్టం అదే. గెలిస్తే మామూలు విషయం, ఓడితే మహాపరాధం.

రెండో సగానికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. అంతకు రెండు నెలల ముందు బర్మింగ్‌హామ్‌ కామన్వెల్త్‌ క్రీడల్లో భారత మహిళల జట్టు డిఫెండింగ్‌ చాంపియన్‌ హోదాలో బరిలోకి దిగింది. 2018లో గోల్డ్‌కోస్ట్‌లో నాలుగు పతకాలు కొల్లగొట్టిన మనికా బాత్రాపైనే అందరి కళ్లూ. తీరా జట్టు క్వార్టర్‌ఫైనల్లోనే 2-3తో మలేసియాకు తలవంచింది. మనిక ఒక్క పతకమూ లేకుండా తిరిగొచ్చారు. అదే జట్టులో ఉన్న హైదరాబాద్‌ అమ్మాయి ఆకుల శ్రీజకు అవి తొలి కామన్వెల్త్‌ క్రీడలు. ఆమె నుంచి స్వర్ణం ఆశించినవారు తక్కువే. ఆమె శరత్‌ కమల్‌తో కలిసి మిక్స్‌డ్‌ డబుల్స్‌ స్వర్ణం గెలిచారు. ఫైనల్లో ఓడింది మలేసియా జోడీయే.

ఇందులో తప్పు మనికది అనడం సులువు. కానీ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే జాతీయ సమాఖ్య పగ్గాలు ఢిల్లీ హైకోర్టు నియమించిన కమిటీ చేతికి వెళ్లాయి. బర్మింగ్‌హామ్‌ జట్టు ఎంపిక కూడా కోర్టు మెట్లెక్కింది. ఇంట్లో పరిస్థితి ఇలా ఉంటే అంచనాలు మాత్రం నాలుగేళ్ల కిందటి పతకాల మీదే నడిచాయి.

ఈ అంచనాల వ్యవహారాన్ని ఏటా జరిగే తంతుగా మార్చింది అమెరికా కాలేజీ క్రీడలు. అక్కడ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌ కూడా జరగకముందే పాత్రికేయులు ఓటేసి జట్లకు ర్యాంకులిస్తారు. ఫుట్‌బాల్‌లో అసోసియేటెడ్‌ ప్రెస్‌ 1950 నుంచీ ఈ పని చేస్తోంది. బాస్కెట్‌బాల్‌లో నార్త్‌ కరోలినా విశ్వవిద్యాలయం 2022లో జాతీయ ఫైనల్‌ దాకా వెళ్లి ఓడింది. కీలక ఆటగాళ్లు చాలామంది మిగిలే ఉండటంతో తర్వాతి సీజన్‌కు దాన్నే నంబర్‌ వన్‌ అన్నారు. 2023 మార్చి వచ్చేసరికి 68 జట్ల జాతీయ టోర్నీలో దానికి చోటే దక్కలేదు. ఆ టోర్నీని 64 జట్లకు పెంచిన 1985 తర్వాత, నంబర్‌ వన్‌గా సీజన్‌ మొదలుపెట్టిన జట్టుకు అలాంటి గతి పట్టడం అదే మొదటిసారి.

ర్యాంకు అబద్ధం చెప్పదు. కాకపోతే అది చెప్పేది నిన్నటి సంగతి. టేబుల్‌ టెన్నిస్‌ ప్రపంచ ర్యాంకింగ్‌ అంటే గడిచిన 12 నెలల్లో సాధించిన ఎనిమిది ఉత్తమ ఫలితాల మొత్తం. ఏడాది తిరిగితే పాత పాయింట్లు రాలిపోతాయి. పైనున్నవాడు గెలవడానికే కాదు, ఉన్నది పోగొట్టుకోకుండా ఉండటానికీ ఆడాలి. కిందున్నవాడికి ఆ బెంగ లేదు. ఎదుటివాడి పేరు పెద్దదైన కొద్దీ తెగించి కొడతాడు.

మానవ్‌ ఠక్కర్‌కు ఈ తేడా బాగా తెలిసే ఉంటుంది. 2018లో అండర్‌-18లో, 2020లో అండర్‌-21లో ఆయన ప్రపంచ నంబర్‌ వన్‌. ఒలింపిక్స్‌ బల్ల దగ్గరకు చేరడానికి మాత్రం 2024 పారిస్‌ దాకా ఆగాల్సి వచ్చింది. ఇల్లు అలకగానే పండగ కాదు మరి.

సూరత్‌లో గుజరాత్‌ జట్టు గెలుపులో ఒక పాఠం ఉంది. అంచనాల బరువు ముగ్గురి భుజాల మీద పడింది. ఒకరు తడబడినా మరో ఇద్దరున్నారన్న ధీమా ఉంది. ఒక్కరినే ఆకాశానికెత్తి, ఆ ఒక్కరూ జారగానే తిట్టిపోసే చోట ఆ ధీమా దొరకదు. కుర్రాళ్లకు ర్యాంకు తెచ్చుకోవడం నేర్పే కోచ్‌లు మనకు చాలామందే ఉన్నారు. వచ్చిన ర్యాంకును మోయడం నేర్పేవారే ఇప్పుడు కావాలి.