ఆకు నిలువనిదే గింజ నిండదు



ప్రొద్దుతిరుగుడు మనదేశమున నూనెగింజల పైరుగా 1969వ సంవత్సరమున సోవియట్ దేశపు రకములతో ప్రవేశించినది. పిమ్మట కర్నూలు, అనంతపురము, కడప, ప్రకాశము జిల్లాలలోను, నిజామాబాదు, మెదకు ప్రాంతములలోను వ్యాపించినది. ఇన్నియేండ్లు గడచినను మనలో ననేకులు ఈ పైరును వేరుసెనగవలెను, ప్రత్తివలెను భావించుచున్నారు. పురుగు తిన్నను మరల చిగుర్చునని ధైర్యము చెప్పుకొనుచున్నారు. ఆ ధైర్యమే నష్టమునకు మూలమని నా యభిప్రాయము.

వేరుసెనగకును ప్రత్తికిని పూత వచ్చిన పిదపను క్రొత్త యాకులు పుట్టుచుండును. ప్రొద్దుతిరుగుడునకు ఆ వీలు లేదు. మొక్క చిన్నదిగ నున్నప్పుడే కాండపు కొనయందు మొగ్గ రూపొందును; అటుపిమ్మట క్రొత్త యాకు ఏర్పడదు. అప్పటికి ఏర్పడిన ఆకులే తుదివరకు పువ్వును పోషింపవలయును. పోయిన యాకు పోయినదే.

అయితే అన్ని ఆకులకును విలువ సమానము కాదు. అడుగు ఆకులు నీడపడి తమంతట తామే పండి రాలును. వానివలన కలుగు లోటు స్వల్పము. నడుమ నున్నవియు, పై నున్నవియు ఎండను గ్రహించి గింజకు ఆహారమును కూర్చును. కాలభేదమును గూడ గమనింపవలయును. మొలక దశలో కొన్ని ఆకులు పోయినను మొక్క చాలవరకు కోలుకొనును. పువ్వు వెనుకభాగము నిమ్మపండు రంగునకు తిరిగిన పిమ్మట ఆకు పోయినను భయము లేదు. మొగ్గ తొడిగినది మొదలు పూవు విచ్చిన పిదప 25, 30 దినముల వరకు గల నడిమి కాలమే ప్రాణపదమైనది.

ఈ కాలమున ఆకు పోయినచో మూడు విధముల నష్టము కలుగును. మొగ్గ దశలో పోయినచో పువ్వు చిన్నదగును. పూత సమయమున పోయినచో పువ్వు నడుమ తాలు గింజలు హెచ్చును. గింజ పాలుపట్టునప్పుడు పోయినచో గింజ యుండును గాని లోపలి పప్పు సన్నగిల్లి, పొట్టు పాలు హెచ్చి, నూనె తగ్గును. మంచి సంకర రకములయందు 100కి 38 మొదలు 42 పాళ్లు నూనె యుండవలసినది. తేలిక గింజలలో అది యుండదు. అట్టి గింజలను చూచి విత్తనమును నిందించువారు గలరు. నిందించుటకు ముందు, పూతనాడు పై ఆకు లెన్ని నిలిచియుండెనో తలంచుకొనవలయును.

కావున గ్రాసము కొరతగా నున్నను పచ్చని పై ఆకులను దూసి పశువులకు వేయరాదు. పొగాకు లద్దెపురుగు, బొచ్చు గొంగళిపురుగు ఆకుల యడుగున గ్రుడ్లు గుంపుగ పెట్టును. పిల్లపురుగులు గుంపుగ తిని ఆకును జల్లెడవలె చేయును. అట్టి ఆకులను అప్పుడే త్రుంచి నాశనము చేసినచో ఖర్చు లేక పని తీరును. వానకారు పైరునకు ఆకుమచ్చ తెగులు ప్రబల శత్రువు, విత్తనశుద్ధి మరువరాదు.

ఆకున ఒక్క రంధ్రము కనబడగానే మందు చల్లుమని నేను చెప్పను. పండబోవు పైరుపై చల్లిన మందు ధనవ్యయమే. పూత సమయమున ఉదయము చల్లినచో తేనెటీగలు చచ్చి, గింజకట్టుటయే చెడును. తప్పనిసరియైనచో సాయంకాలమున చల్లవలయును.

తుదకు సంఘమునకు సంబంధించిన మాట. బొచ్చు గొంగళి గట్టు చూచి ఆగదు. ఒక సభ్యుని యుపేక్ష పొరుగువాని నష్టము. మొగ్గ కాలమున వారమునకు రెండుమార్లు సభ్యులు కూడి అందఱి చేలను చూచుట మంచిది. గింజలు కొనునప్పుడు బస్తాల లెక్కయే గాక, ఒకే కొలపాత్రతో కొలిచి తూచి, బరువైన గింజకు హెచ్చు వెల యిచ్చుట న్యాయము. ఆకును కాపాడిన వానికిని, కాపాడని వానికిని ఒకే వెల యైనచో, ఆకును కాపాడుట కెవ్వరు శ్రమపడుదురు? రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చింపవలెనని కోరుచున్నాను.